కోసిన పానా

హచ్చొళ్ళికి వెళ్లి రమ్మని నేను ఎవరికీ చెప్పను. చూడవలసిన స్థలాల పట్టికల్లో ఆ ఊరు ఉండదు. సిరుగుప్ప తాలూకాలో కాలువ నీళ్లతో వరి పండించుకునే ఊరది. నేను ఉండే దోణిమలై నుంచి అక్కడికి ఒక పూట దారి. నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో చూసినదాన్ని, అటువైపు ఎప్పుడూ వెళ్లనివాళ్ల కోసం ఉన్నది ఉన్నట్టు రాసి పెడుతున్నాను.

నా భార్య సుగుణ మార్చిలో చనిపోయింది. ఆమె పుట్టిన ఊరు హచ్చొళ్ళి. అక్కడి పాత మిషన్ చర్చిలో ఏటా కోత పండుగ నాడు ఆ ఏడు పోయినవాళ్లను తలుచుకుని ప్రార్థన చేస్తారు. సుగుణ అక్క కరుణమ్మ వదిన నవంబరులో ఫోన్ చేసింది. "ఆదివారం పొద్దున తొమ్మిదికంతా గుడికాడ ఉండాల. బస్సులు నమ్మొద్దు" అంది. బస్సులను నేను నమ్ముతాను. అయినా కారులోనే బయలుదేరాను.

ఆ కారు సుగుణది. టౌన్‌షిప్ ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ, ఇరవై రెండేళ్ల కిందట ఎవరో వాడి వదిలేసిన చిన్న కారును కొంది. నడిపేది ఆమె. నేను పక్క సీట్లో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇంజను ఆయిల్ కూడా ఇంటి ముందు తనే మార్చుకునేది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఇంజను విప్పించవలసిన అవసరం రాలేదు. నేను గని టౌన్‌షిప్ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. పెద్ద పెద్ద డంపర్ల మరమ్మతు పుస్తకాలకు నంబర్లు వేసి బీరువాల్లో సర్దాను కానీ, వాటిలో ఒక్కటీ తెరిచి చదవలేదు.

ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఆమె తన అక్షరాలతో రాసి స్టీరింగు పక్కన అంటించింది. ఆ తేదీ సెప్టెంబరులో వచ్చింది. దాటిపోనివ్వకూడదనిపించింది. పనిముట్ల పెట్టె తెరిస్తే, కారు కింది బోల్టుకు సరిపోయే రింగు పానా సగానికి విరిగి ఉంది. సండూరు వెళ్లి జానెడున్నర పొడవున్న కొత్త పానా కొన్నాను. పాత ఆయిల్ దించి, బోల్టు బిగించి, కొత్త ఆయిల్ పోశాను. మర్నాడు నేల మీద ఒక చుక్క కనిపించింది. ఇంకాస్త బిగించాను. మళ్లీ చుక్క. ఈసారి పానా చివరకు ఒక నీళ్ల పైపు ముక్క తొడిగి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాను. ఒకచోట బోల్టు ఉన్నట్టుండి తేలిగ్గా తిరిగింది. ఆ తేలికకు అర్థం నాకు తెలియలేదు. చుక్క ఆగిందని సంతోషించాను.

పాత ఇనుము కొనేవాడు అప్పటికే రెండుసార్లు వచ్చి కారు అడిగి వెళ్లాడు. ఇంజను బాగున్నంతవరకు అతనికి చెప్పడానికి నా దగ్గర ఒక జవాబుంది. ఆమె ఇరవై రెండేళ్లు కాపాడుకున్న ఇంజను నా చేతుల్లో ఏడాది కూడా నిలవదేమో. దారంతా నన్ను తిన్న భయం అదొక్కటే.

బళ్ళారి

శుక్రవారం పొద్దున బయలుదేరాను. దోణిమలై కొండలు ఇనుప ఖనిజానివి. అక్కడ మట్టి ఎరుపు, చెట్ల ఆకులు ఎరుపు, ఉతికి ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఎరుపు. లారీల వెనక బళ్ళారి చేరేసరికి కారు కూడా అదే రంగుకు వచ్చింది.

బజారు దగ్గర చిన్న హోటల్లో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాను. నలభై రూపాయలు. మా వైపు ఉగ్గాణిలో పుట్నాల పొడి తగుమాత్రం వేస్తారు, ఇక్కడ పొడిలోనే మరమరాలు కలిపినట్టుంది. బజ్జీ మిరపకాయ కారం చెవుల దాకా వెళ్లింది. పక్కన కూర్చున్న బట్టల కొట్టాయన నా అవస్థ చూసి, నీళ్ల గ్లాసు దూరంగా జరిపాడు.

"నీళ్లు తాగితే ఇంకా ఎక్కువైతాది సామీ. ఇంకో ముద్ద ఉగ్గాణి తినండి" అన్నాడు. వాళ్ల తాతల కాలంలో ఆదోని వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. ఇంట్లో తెలుగు, కొట్లో కన్నడం, బేరంలో ఉర్దూ అని నవ్వాడు. "ఆడోళ్లు అడిగే భాషను బట్టి రేటుండాది" అన్నాడు. అది నిజమో పరాచికమో నాకు తేలలేదు.

నాతోపాటు బయటికి వచ్చి, నా కారు కిందికి వేలు చూపించింది ఆయనే. "సారూ, మీ బండి ఏందో విడుస్తాంది."

తారు మీద అరచేయంత నల్లటి మరక. వంగి చూశాను. బోల్టు చివర ఒక చుక్క పుట్టి, బరువెక్కి, రాలింది. మళ్లీ ఇంకొకటి పుట్టింది. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే కొంచెమే తగ్గినట్టు కనిపించింది. ఒక లీటరు డబ్బా కొని, కొంత పోసి బయలుదేరాను. అక్కడే ఎవరికైనా చూపించి ఉండవలసింది. హచ్చొళ్ళి ఇంకెంత దూరంలే అనుకున్నాను.

దారి మీద వడ్లు

బళ్ళారి దాటి సిరుగుప్ప వైపు పోతుంటే నేల మారుతుంది. కొండలు వెనకపడతాయి. తుంగభద్ర కాలువ నీళ్లు అందుకున్న చోటు నుంచి రెండు పక్కలా వరి. నేను వెళ్లేసరికి సగం కోసేశారు, సగం పండి నిలబడి ఉంది. రాతి కొండల జిల్లాలో అంత మెత్తటి పసుపు ఉంటుందని, దోణిమలైలో ముప్పై ఏళ్లున్నా నాకు మనసుకు ఎక్కలేదు. సుగుణతో ఈ దారిన ఎన్నోసార్లు వచ్చాను. అప్పుడు నా తల పుస్తకంలో ఉండేది.

ఇక్కడ కోతల్లో రోడ్డే కళ్లం. తారు రోడ్డు సగం వెడల్పున, ఫర్లాంగుల కొద్దీ వడ్లు ఆరబోస్తారు. అంచున రాళ్లు పేరుస్తారు. బస్సులూ లారీలూ ఒక్క మాట అనకుండా మిగిలిన సగంలో ఎదురుబొదురుగా సర్దుకుపోతాయి. మా టౌన్‌షిప్‌లో ఎవరైనా గేటు ముందు ఒక చాప వేస్తే సెక్యూరిటీవాళ్లు వస్తారు. ఇక్కడ రోడ్డు ఎవరిదన్న ప్రశ్నే లేదు. నవంబరులో అది వడ్లది.

సిరుగుప్ప ఇంకా కొంత దూరం ఉందనగా, స్టీరింగు ముందు ఎర్ర దీపం వెలిగింది. ఆయిల్ అయిపోతున్న గుర్తు. కంగారులో ఎడమకు తిప్పి ఆపాను. దిగేలోపే కేక వినపడింది.

"ఏంది సామీ అది! వడ్ల మీద నూనె పోస్తాండావు!"

నడివయసు ఆవిడ. చేతిలో వడ్లు తిరగేసే పలకతో పరుగున వచ్చింది. నా కారు ముందు చక్రాలు రాళ్లు దాటి, వడ్ల కింద పరిచిన పట్టా మీదికెక్కాయి. కింద, ఆరిన వడ్ల మీద, నల్లగా ధార. చుక్కలు కాదు.

తప్పయిందని నాలుగుసార్లు అన్నాను. ఆవిడ తిడుతూనే కారు కిందికి దూరి, నల్లబడ్డ వడ్లను దోసిళ్లతో ఎత్తి పక్కన పోసింది. తర్వాత ఒక పగిలిన బొచ్చె తెచ్చి ధార కింద పెట్టింది. తిట్టు ఆపకుండానే.

"ఇంజను ఆపినావా లేదా ముందు?"

"ఆపాను."

"అది మంచి పని చేసినావు. ఓ ఈరప్పా! ట్రాక్టర్ తీసుకొని రా!"

ఈరప్ప ఆవిడ భర్త. పొలంలో కోత మిషన్ నిలిచిపోయి, దాని విరిగిన ఇరుసు ఒడిలో పెట్టుకుని, అప్పటికే సిరుగుప్ప మెకానిక్ దగ్గరికి బయలుదేరుతున్నాడట. నా కారుకు తాడు కడుతూ అన్నాడు: "మా వడ్లకు నువ్వు నూనె పోస్తివి, నీ బండికి మేం తాడు కడతాండాం. బాగుండాది గదప్పా లెక్క."

పాడైన వడ్లకు డబ్బివ్వబోతే ఆవిడ చెయ్యి వెనక్కు తీసుకుంది. "యాడికి పోతాండావు?" అని అడిగింది. హచ్చొళ్ళి, కోత పండుగకు అన్నాను. "అయితే ఆడ ప్రార్థనలో మా వడ్ల పేరు గూడా చెప్పు. వాన రాకూడదని చెప్పు" అంది. చెప్తానని మాటిచ్చాను.

సిరుగుప్ప

ఈరప్ప నన్ను లాక్కెళ్లింది మస్తాన్ సాబు షాపుకు. పాత రైస్ మిల్లు గోడనానుకుని రేకుల షెడ్డు. లోపల ఇనుము చెక్కే పాత లేతు ఒకటి, ఇనుమును బిగించి పట్టే వైసు ఒకటి, గోడ నిండా వేలాడే పానాలు. సాబుకు డెబ్బై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, గడ్డానికి గోరింటాకు ఎరుపు. కారు కిందికి దూరి, రెండు నిమిషాలకు బోల్టు చేత్తో పట్టుకుని వచ్చాడు. పానా అవసరమే కాలేదు, వేళ్లతో ఊడి వచ్చింది.

"చూడీలు మొత్తం పోయినాయి" అన్నాడు. మరచుట్లను అక్కడి మెకానిక్కులు చూడీలంటారు. "బోల్టువి కాదు, చాంబరువి." ఆయిల్ నిలిచే అల్యూమినియం తొట్టిని చాంబరంటారు. "అల్యూమినియం మెత్తని లోహం సారూ. ఇనుము దాన్ని తినేసింది."

"కొత్త చాంబరు దొరుకుతుందా?"

"ఈ బండికా?" ఈరప్ప వైపు చూశాడు. ఇద్దరూ నవ్వారు. "దీన్ని చేసినోళ్లే మరిచిపోయింటారు."

"బాగవుతుందా?"

"పెద్ద చూడీలు కొయ్యాల. చాంబరు పగిలితే నేనేం చేసేకీ కాదు, బండి పాత ఇనుమోడికే. పగలకుంటే బాగైతాది." అని ఆగి, "ఈ పొద్దు కాదు. కోత మిషన్లు ముందు. తెల్లారి ఆరింటికి రా. షాపు తెరవకముందు నీది చేస్తా" అన్నాడు.

ఆ ఊళ్లో కోతల్లో మెకానిక్కుల నియమం అది. నిలిచిపోయిన కోత మిషన్ తర్వాతే మంత్రి కారైనా. నాకది న్యాయంగానే తోచింది. రాత్రికి బస్టాండు దగ్గర ఒక గదిలో ఉన్నాను. కిటికీ ఎదురుగా బియ్యం బస్తాలు ఎక్కిస్తున్న లారీ. నిద్ర పట్టలేదు కానీ దానికి లారీ కారణం కాదు.

బోల్టు తల

శనివారం ఆరింటికి వెళ్లేసరికి సాబు నమాజు ముగించి వచ్చి, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, దాని మీద నా బోల్టును పెట్టి చూస్తున్నాడు. ఈరప్ప కూడా ఉన్నాడు. ఇరుసు ముందు రోజే అతికించారు కానీ, అది చల్లారేదాకా బిగించకూడదని సాబు ఉంచేశాడట.

సాబు బోల్టును కిటికీ వెలుతురుకు పట్టి, బొటనవేలితో తలను తడిమాడు. తర్వాత చెప్పిన మాట నేను జీవితంలో మరిచిపోలేను.

"శానా ఏండ్లు ఈ బోల్టును ఒకటే చెయ్యి తిప్పింది. కడసారి తిప్పింది వేరే చెయ్యి."

"ఎట్లా తెలుసు?"

"తల చూడు సారూ. ఆరు మూలలుండాయి గదా. ఆరూ ఒకే లెక్కన నునుపైనాయి. అంటే ప్రతిసారీ రింగు పానా పెట్టినారు, నిటారుగా పెట్టినారు, తొందర పడలేదు. వాషరు చూడు. రాగిది. ప్రతిసారీ నిప్పులో కాల్చి మెత్తగ చేసుకున్నారు, లేకుంటే ఇన్నేండ్లు రాదు."

గ్యాస్ పొయ్యి మీద, పట్టకారుతో, ఎర్రగా కాగే చిన్న రాగి ఉంగరం నాకు గుర్తొచ్చింది. ఏమిటది అని ఒకసారి అడిగాను. "మెత్తబడాలి" అంది సుగుణ. నేను పేజీ తిప్పుకున్నాను.

"ఇంగ ఈ రెండు మూలలు చూడు" అన్నాడు సాబు. "చితికినాయి. గాయం కొత్తది, మురికి గూడా పట్టలే. కడసారి తిప్పినోడు పానాకు పైపు తొడిగినాడు. బలం చూపిచ్చినాడు."

"అది నేనే" అన్నాను.

ఈరప్ప పగలబడి నవ్వాడు. "పుస్తకాల సారంటివే! చేతుల్లో ఎద్దు ఉండాదే!"

సాబు నవ్వలేదు. "మొదటి చెయ్యి ఎవురిది?"

"మా ఆవిడది."

"ఆయమ్మనే పిలుచుకొని రావాల్సింది."

"మార్చిలో పోయింది."

ఈరప్ప నవ్వు ఆపి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. సాబు బోల్టును జాగ్రత్తగా మళ్లీ గుడ్డ మీద పెట్టాడు.

"ఆయమ్మ పానా యాడ?"

డిక్కీలోంచి నా పొడుగు పానా తెచ్చాను. "ఇది కాదు" అన్నాడు చూడగానే. "ఆమెది ఉందిగానీ విరిగిపోయింది" అన్నాను. తెమ్మన్నాడు. పెట్టె అడుగు నుంచి ఆ సగం ముక్క తీసి ఇచ్చాను. బెత్తెడు కూడా లేదు.

సాబు దాన్ని చేతిలో తిప్పి చూసి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు దాని చివర మీద మూశాడు.

"విరిగినదైతే గుచ్చుకోవాల గదా. గుచ్చుకుంటాందా?"

గుచ్చుకోలేదు. చివర గుండ్రంగా, గులకరాయిలా ఉంది.

"ఇది విరగలే. కోసినారు. కోసి, ఆకురాయితో అంచు రాకినారు. ఈడ పాత మిల్లు ఫిట్టర్ల పద్ధతి ఇది. పిడి పొడుగుంటే మనిషి బలమంతా బోల్టు మీదికి పోతాది. మిల్లులో పోత ఇనుము, ఇట్టే పగులుతాది. అందుకని ఏ బోల్టు ఎంత తట్టుకుంటాదో అంతకే పానా కోసుకుంటుండ్రి. ఇంగ ఎంత కోపంలో బిగించినా ఏమీ కాదు." గోడ మీది పానాలు చూపించాడు. ముందు రోజు నేను గమనించనే లేదు. సగం పైగా పొట్టివే.

మంచి పనిముట్టును విరిగిందనుకుని పక్కన పెట్టి, పొడుగుది కొని, దానికి పైపు కూడా తొడిగాను. ఇన్ని పుస్తకాలు చదివిన మనిషి చేసిన పని ఇది.

అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు

పని రెండు గంటలు పట్టింది. ముందు పాత రంధ్రాన్ని కొంచెం వెడల్పు చేశాడు. తర్వాత ట్యాపు తీసుకున్నాడు. ట్యాపంటే పళ్లున్న ఉక్కు కడ్డీ, దాన్ని రంధ్రంలో తిప్పితే కొత్త మరచుట్లు తెగుతాయి. దాని గాడుల నిండా గ్రీజు కూరాడు.

"ఎందుకు?"

"తెగిన రజను లోపలికి పోకూడదు. పోతే ఇంజను తింటాది. గ్రీజుకు అంటుకొని బయటికి వస్తాది."

వెల్లకిలా పడుకుని రెండు చేతులతో ట్యాపు పట్టుకున్నాడు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. మళ్లీ అర చుట్టు. కొంతసేపటికి తీసి, తెల్లగుడ్డకు తుడిచి, కొత్త గ్రీజు కూరి మళ్లీ. గుడ్డ మీద గ్రీజులో వెండి పొడిలా మెరిసేది ఆ రజను. సాబు కళ్లు మూసుకుని ఉన్నాడని చాలాసేపటికి గమనించాను. పక్కనే కూర్చున్న ఈరప్ప ఊపిరి కూడా గట్టిగా తీయడం లేదు. ఒకసారి సన్నగా కీచుమని శబ్దం వచ్చింది. సాబు చేతులు అక్కడే ఆగాయి. నాకు పాత ఇనుము కొనేవాడి ముఖం కనపడింది. సాబు వెనక్కు తిప్పి, మొత్తం బయటికి తీసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

నేను పుట్టినప్పటి నుంచి చర్చిలో ప్రార్థనలు చూస్తున్నాను. ఇంత ధ్యానం వాటిలో ఎక్కువసార్లు చూడలేదు.

చాంబరు పగల్లేదు. పైనుంచి చవక ఆయిల్ పోసి కింద తెల్లగుడ్డ పట్టాడు. మెరుపు కనిపించింది. మళ్లీ పోశాడు. మూడోసారి గుడ్డ మీద ఆయిల్ రంగు తప్ప ఏమీ లేదు.

తర్వాత లేతు మీద కొత్త బోల్టు తయారు చేశాడు. మర లావుది, కింద వాషరు ఆనడానికి ఒక అంచు. ఇక తల. తలను ఆరు మూలలుగా ఆకురాయితో చేత్తో రాకుతూ, రెండు నిమిషాలకోసారి సుగుణ పానాను తొడిగి చూస్తున్నాడు. ఇంత లావు బోల్టుకు పెద్ద తల పెట్టడమే సులువు కదా అని అడిగాను.

"సులువే. అప్పుడు ఈ పానా దేనికి పనికొస్తాది?" అన్నాడు తల ఎత్తకుండా.

పానా ఆఖరిసారి దిగినప్పుడు 'టక్'మని చిన్న శబ్దం వచ్చింది. సాబు ఈరప్పను చూసి కళ్లెగరేశాడు. "ఆయ్తు" అన్నాడు ఈరప్ప కన్నడంలో. అయిపోయిందని.

బిగించడం మాత్రం సాబు చేయలేదు. పానా నా చేతికిచ్చి నన్ను కారు కిందికి పంపాడు. బయట నుంచి అతని గొంతు: "వేళ్లతో పోయినంత పోనీ. ఆమీట పానా. చెయ్యి చాలన్నప్పుడు చాలు. ఇంగా కొంచెం అని నీ మనసు చెప్తాది. అది వినొద్దు."

మనసు చెప్పింది. ఆ పొట్టి పానా మాత్రం నన్ను విననివ్వలేదు. పట్టుకోవడానికి అంతకు మించి పిడి లేదు.

కాగితం

కూలి ఇవ్వబోతే సాబు తీసుకోలేదు. కొత్త ఆయిల్ పోసి, కారు కింద ఒక కన్నడ దినపత్రిక పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. "రేపు పొద్దున కాగితం చెప్తాది. అది పొడిగా ఉంటేనే కూలి. తడిస్తే నాది తప్పు, మళ్లీ చేస్తా." వాళ్ల నాయన నాటి నుంచి ఆ షాపులో నియమమట.

ఆదివారం ఆరింటికి ముగ్గురం వంగి చూశాం. ఈరప్పకు ఆ పని ఏమీ లేదు, కేవలం చూడటానికే పొలం నుంచి వచ్చాడు. కాగితం పొడిగా ఉంది. సాబు దాన్ని తీసి, మడిచి, నాకు ఇచ్చి, అప్పుడు కూలి తీసుకున్నాడు. ఆరు వందలు. తక్కువ అన్నాను. "పానా ఆయమ్మ తెచ్చుకునింది గదా" అన్నాడు.

హచ్చొళ్ళి

ఎనిమిదిన్నరకు చర్చి ముందు కారు ఆపాను. దిగగానే సాబు ఇచ్చిన కాగితం కారు కింద పరిచాను. కరుణమ్మ వదిన మెట్ల మీంచి చూస్తోంది.

"ఏమప్పా, బండికి చాప ఏస్తాండావా?" అంది. దగ్గరికొచ్చి నా చేతులు చూసింది. "పండగపూట ఆ మసి ఏంది?"

తర్వాత చెప్తానన్నాను. లోపల బలిపీఠం ముందు కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. మా టౌన్‌షిప్ చర్చిలో కోత పండుగంటే కవరులో డబ్బు పెట్టి పేరు రాస్తాం. నేను అలాగే కవరు తీశాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈడ కవర్లు పెట్టరు. పొలమున్నోళ్లు పంట పెడతారు. లేనోళ్లు చేత్తో చేసింది పెడతారు."

నిజమే. వడ్ల పక్కన ఒక ముక్కాలి పీట, కుట్టిన చేతిసంచులు, ఒక చేట ఉన్నాయి. ప్రార్థన తర్వాత అన్నీ వేలం వేసి డబ్బు చర్చికి ఇస్తారు. నా చేత్తో చేసింది ఏమీ లేదు. కవరు జేబులో పెట్టుకున్నాను. ఆ ఏడు పోయినవాళ్ల పేర్లు చదివినప్పుడు సుగుణ పేరు మూడోది. మౌనంగా ఉన్న సమయంలో, మాట ఇచ్చాను కాబట్టి, వాన రాకూడదని ఈరప్ప వడ్ల గురించి కూడా అడిగాను.

వేలం జరుగుతుండగా బయట అరుగు మీద కూర్చుని వదినకు జరిగిందంతా చెప్పి, పానా తీసి చూపించాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇది మా నాయిన చేసింది."

మా మామగారు సిరుగుప్ప మిల్లులో ఫిట్టరని నాకు తెలుసు. మా పెళ్లయిన ఏడాదికే పోయాడు. అంతకు మించి ఆయన గురించి నేను ఎప్పుడూ అడగలేదు.

"ఆయనకు సెంటు పొలం లేదు గదా. ప్రతి కోత పండక్కీ ఒక పానా కోసి, రాకి, ఆడ వడ్ల పక్కన పెడుతుండె. ట్రాక్టర్లున్నోళ్లు పాడుకుంటుండ్రి. కడసారి చేసింది ఇది. పండగ రాకముందే పోయినాడు. మేమే తెచ్చి పెడితిమి. సుగుణ వేలం పాడింది. ఎవురో ఇరవై అంటే ఈ పిల్ల వంద అనె. ఆయప్ప పంతం పట్టి పాడితే ఇది రెండు వందలనె. నర్సు ట్రైనింగుకు దాచుకున్న దుడ్డు! మా అమ్మ దారి పొడుగునా తిట్టింది. ఇది నోరెత్తలేదు. ఒడిలో పెట్టుకొని కూచునింది."

ఆ ఏడు పండుగకు నేను రాలేదు. లైబ్రరీలో లెక్కలు చూసే వారమది.

వదిన పానా నాకు తిరిగి ఇచ్చింది. పమిట చెంగుతో ముఖం తుడుచుకుని, మామూలు గొంతుతో అంది: "ఈ తూరి ఉత్త చేతుల్తో వచ్చినావు, ఈ పండక్కి కొత్త గదా, పోనీలే. వచ్చే ఏడు ఏదన్నా నేర్చుకొని రా."

లేచి కారు దగ్గరికి వెళ్లి వంగి చూశాను. కాగితం పొడిగానే ఉంది.

మళ్లీ దోణిమలై

ఇది రాస్తున్నది జూలైలో. మే నెలలో ఆయిల్ మార్చే తేదీ వచ్చింది. ఈసారి తేదీ కాగితం మీద ఉన్నవి నా అక్షరాలు. రాగి వాషరును గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చాను. పొట్టి పానాతో బోల్టు విప్పాను, బిగించాను, చెయ్యి చాలన్నప్పుడు ఆపాను. రాత్రంతా కింద దినపత్రిక పరిచి ఉంచాను. పొద్దున తీసి చూస్తే దాని మీద అక్షరాలు తప్ప ఇంకేమీ లేవు. పాత ఇనుము కొనేవాడు మళ్లీ వచ్చాడు. ఇంజను స్టార్ట్ చేసి, దాని శబ్దం వినిపించి పంపాను.

సండూరులో కొన్న ఆ పొడుగు పానా ఇంట్లో ఉంది. పోయిన నెల ఒక వైసు కొని, దాన్ని అందులో బిగించి కోయడం మొదలుపెట్టాను. మంచి ఉక్కు. మూడు రంపపు బ్లేడ్లు విరిగాయి, ఎడమ చేతి బొటనవేలు తెగింది. నాలుగు సాయంత్రాలకు తెగింది. ఇప్పుడు రోజూ కాసేపు ఆకురాయితో అంచు రాకుతున్నాను. రాకి, కళ్లు మూసుకుని, పిడికిట్లో పట్టి చూస్తాను. ఇంకా కొంచెం గుచ్చుకుంటోంది. కోత పండుగకు నాలుగు నెలలుంది.